పాలు పొంగించినవాడు

ఆ రోజుల్లో ఒక మనిషిని ఇంట్లోంచి పంపించాలంటే వెళ్ళమని మొహం మీద చెప్పేవాళ్ళం కాదు. వెళ్ళాలని వాడికే తోచేదాకా ఆగేవాళ్ళం. (ఎప్పటికీ తోచనివాళ్ళు కూడా ఉంటారని నాకప్పటికి తెలియదు.) రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అనకాపల్లిలో నేనూ, చీడికాడ నుంచి వచ్చిన ఒక స్నేహితుడూ కలిసి ట్యూషన్ సెంటర్ పెట్టాం. ఉండడానికి గవరపాలెంలో రెండు గదుల పోర్షన్ తీసుకున్నాం. వీధిలో అందరూ వాణ్ణి నా పార్టనర్ అనేవారు. నేను లెక్కలు, వాడు ఇంగ్లీషు. పొద్దున్న ఆరు గంటల క్లాసు ఎవరిదన్న తగువుతో రెండేళ్ళకే సెంటర్ మూతపడి, చెరొక స్కూల్లో చేరాం. పార్టనర్‌షిప్ పోయింది గాని పార్టనర్ పోలేదు.

ఇంతలో నాకు పెళ్ళి కుదిరింది. శ్రావణమాసం చివర్లో ముహూర్తం. కాబోయే మావగారు "ఇల్లు విడిగానే ఉంది కదా బాబూ" అని రెండుసార్లు అడిగారు. "విడిగానే ఉందండీ" అని రెండుసార్లూ అబద్ధమాడాను. కొత్తగా కాపురానికొచ్చే పిల్లని, వంటింటి గుమ్మానికి అడ్డంగా లుంగీ ఆరేసే మనిషి ఉన్న ఇంటికి ఎలా తీసుకురావాలన్నదే నా బెంగ. చివరికి తెగించి, వేరే గది చూసుకోమన్నాను.

"సూసుకుంటాను బావ. ఇప్పుడు మూఢం కదా" అన్నాడు శాంతంగా. మూఢం పోయింది, ఆషాఢం వచ్చింది. "శూన్యమాసంలో ఇల్లు మారతారేటి?" అన్నాడు. వాడు గుడికి వెళ్ళగా నేనెప్పుడూ చూడలేదు గాని, పంచాంగం మీద మాత్రం అపారమైన భక్తి.

ఇలా కాదని నేనే రంగంలోకి దిగాను. రెండు వీధుల అవతల, పెరట్లో నుయ్యి, ముందు అరుగు ఉన్న చక్కని ఇల్లు వాడికోసం వెతికాను. పక్క వాటాలో ఇంటావిడ, ఒక మామ్మగారు, ఉంటుంది. శ్రావణం రాగానే గురువారం పొద్దున్న ఏడుంబావుకి పాలు పొంగించడానికి ముహూర్తం పెట్టించాను. కొత్త గిన్నె, పాలు, బెల్లం, పసుపు, చివరికి అగ్గిపెట్టె కూడా నేనే మోసుకెళ్ళాను. (నా పెళ్ళికైనా అంత శ్రద్ధ పెట్టలేదు.) "నువ్వు పద బావ. గుడికెల్లి దణ్ణం పెట్టుకుని ఎనకాలే వత్తాను" అన్నాడు పార్టనర్. ఆ భక్తి చూసి అయినా నేను అనుమానించి ఉండాల్సింది.

ఏడుంబావు దగ్గర పడింది. వాడు రాలేదు. ఈ ముహూర్తం దాటితే ఇంకో ముహూర్తం కుదిరేలోపు నా పెళ్ళే అయిపోతుంది. ఇంక ఆగలేక స్టవ్ వెలిగించి, గిన్నెకి పసుపు రాసి, నేనే పాలు పెట్టేశాను. పాలు తూర్పువైపుకి నిండుగా పొంగాయి. మామ్మగారి మొహం వెలిగిపోయింది.

"మంచిది బాబూ. సామాను ఎప్పుడు తెత్తావు?" అంది.

"ఇల్లు నాకు కాదండీ, మా స్నేహితుడికి" అన్నాను.

ఆవిడ మొహం మారింది. "పాలు పొంగించినోడు ఒకడు, ఉండీవోడు ఇంకొకడా? ఎక్కడైనా ఉందేటి? ఉంటే నువ్వుండు. నేకపోతే ఇల్లు ఎవులికీ ఇవ్వను."

అప్పుడొచ్చాడు పార్టనర్, నుదుట కుంకుమతో, చేతిలో కొబ్బరిచెక్కతో. అంతా ఓపిగ్గా విని తల ఊపాడు. "మామ్మ సెప్పింది నాయవే బావ."

ఆ సాయంత్రమే ఇల్లు ఖాళీ అయింది, చేసింది నేను. నా సామానంతా మూడు ట్రిప్పుల్లో వాడే సైకిలు మీద చేరవేశాడు. మేం కలిసున్న రోజుల్లో వాడంత కష్టపడగా చూడటం అదే మొదలు.

మావగారితో ఆడిన అబద్ధం నిజమైపోయింది గనక నేను సంతోషించాలి. కానీ మర్నాడు పొద్దున్న టీ కాచి, అలవాటుగా రెండు గ్లాసుల్లో పోశాను. రెండోదాన్ని చూస్తే దిగులేసింది. పెళ్ళికి ఇంకా మూడు వారాలుంది. ఆ మూడు వారాలూ రోజూ స్కూలు అవగానే తిన్నగా పాత పోర్షన్‌కే వెళ్ళి, నేనెవరిని పంపించెయ్యాలని నెలల తరబడి తంటాలు పడ్డానో వాడితోనే కూర్చుని టీ తాగాను. వంటింటి గుమ్మంలో లుంగీ ఆరుతూనే ఉంది. దాన్ని పక్కకి తప్పించి లోపలికి వెళ్ళేవాణ్ణి. వాడు నా గ్లాసు ముందే కడిగి ఉంచేవాడు.