నా నడత విచారించిన దఫేదారు

బాగేపల్లి దఫేదారుగారు పోయారని పోయిన వారం ఉత్తరం వచ్చింది. హెడ్ కానిస్టేబుల్‌ను మా వైపు దఫేదారు అంటారు. బెంగళూరులో మిలిటరీకి సామాన్లు చేసే కార్ఖానాలో ఎనిమిదేండ్లుగా నేను తింటున్న కూడు ఆయన పెట్టిందే. ఆ మాట ఆయన బతికుండగా ముఖాన అనలేదు. అందుకు సిగ్గుగా ఉంది.

ఏ ఇంటికి పోయినా ఆయన టోపీ తీసి అరుగు మీద పెట్టి, "కూడు తిన్యారా?" అని అడిగాకే విచారణ మొదలుపెట్టేవారు. ముందు పెన్సిల్‌తో రాసుకుని, తీరిగ్గా సిరాతో దిద్దేవారు. "మనిషిని గురించి రాసేటప్పుడు రబ్బరు దగ్గర పెట్టుకోవాల" అనేవారు.

పని కోసం నేను పెట్టిన అర్జీ చూసి కార్ఖానావాళ్లు నా నడత విచారించమన్నప్పుడు, మా ఊరు మిట్టేమరికి వచ్చింది ఆయనే. అంతకు రెండేండ్ల ముందు తమ్ముడు జ్వరంతో పోయాక నాకు మతి నిలవలేదు. తాలూకా ఆఫీసు కిటికీ అద్దాలు పగలగొట్టాను. నన్ను లాకప్పులో పెట్టిందీ, కాఫీ తాపిందీ, బెంగళూరు మెంటల్ ఆసుపత్రికి తీసుకుపొమ్మని మా అమ్మకు చెప్పిందీ ఆయనే. మూడు నెలలకు బాగై వచ్చాను. అర్జీలో మాత్రం, అరెస్టయినావా, మతి చెడి వైద్యం చేయించుకున్నావా అన్న రెండింటికీ కన్నడంలో "ఇల్ల", అంటే లేదని, గుండ్రంగా రాసి పంపాను.

నన్ను గట్టెక్కిద్దామని మా అమ్మ ఎదురుపోయి, "మావాడు ఉట్టి తిక్కోడప్పా, ఒకరి జోలికి పోడు" అంది. మా ఇండ్లలో తిక్కోడంటే అమాయకుడని ముద్దు. ఆయన పెన్సిల్ ఆపి నవ్వారు.

"అమ్మా, ఆ మాట ఇంగెవురి ముందరా అనొద్దు. కన్నడంలో 'హుచ్చ' అని, పిచ్చోడని రాసుకుంటారు. నీ కొడుక్కుండే కష్టం చాల్దా?"

తరువాత నన్ను పక్కకు పిలిచారు. "రెండు తావులా ఇల్ల అని రాసినావే. లాకప్పుకు బీగమేసింది నేనే కదప్పా?"

కాళ్లు పట్టుకున్నాను. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నారు.

"గుట్టు దాచినోని జుట్టు ఇంగొకని చేతిలో ఉంటాది. రేపు ఎవుడో ఒకడు అది తెలుసుకోని, కార్ఖానా కాగితాలు తెచ్చియ్యకపోతే చెప్పేస్తానంటే ఏం చేస్తావు? నిజం నువ్వే రాసియ్యి."

ఏడుస్తూ రాసిచ్చాను. నోటికాడి కూడు లాగేశాడని మూడు నెలలు ఆయన్ను తిట్టుకున్నాను.

ఆపైన బెంగళూరుకు పిలుపొచ్చింది. అక్కడి అధికారి దఫేదారుగారి రిపోర్టు నా ముందే చదివారు. "మొదట భయపడి దాచినాడు. తరువాత తానే రాసి ఇచ్చినాడు. రోగం వచ్చింది, నయమైంది. నా ఇంటి తాళంచెవి వీని చేతికి ఇస్తాను." అంతే ఉంది అందులో. పనిలో చేర్చుకున్నారు.

మొన్న ఆదివారం బాగేపల్లికి పోయాను. పంచలో ఇరవై మంది కూర్చుని ఉన్నారు, ఆయనతో పనిచేసిన పోలీసులే సగం. ఆయన భార్యకు ఇదంతా చెప్పి ఏడ్చాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, అందరికీ వినబడేటట్టు అంది:

"ఆయప్ప గూడా ఆ ఆసుపత్రిలోనే ఉన్నాడప్పా, పెండ్లయిన కొత్తలో ఆర్నెల్లు. పోలీసులో చేరేటప్పుడు దాచినాడు. పని ఉన్నన్నాళ్లూ, ఎవురికన్నా తెలిసిపోతాదేమోనని భయపడతానే ఉన్నాడు."

గోడవార కూర్చున్న ముసలి కానిస్టేబుల్ లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె పక్కన పెట్టి, మళ్లీ పోయి తన చోట కూర్చున్నాడు.