పదిహేనో నంబరు పానా

మా తమ్ముడు పోగొట్టుకున్నవి పై పళ్లు రెండు, కుడిచేతి రెండు వేళ్లలో కదలిక, నాలుగు నెలల వడ్రంగం పని.

మూడేళ్ల కిందటి మాట. రేపల్లెలో మా ఇంట్లో వాడి సైకిలుకు నేనే పంక్చరు వేసి, ముందు చక్రం తిరిగి ఎక్కించాను. పంపు, స్క్రూడ్రైవరు, నూనె డబ్బా అన్నీ ఉన్నాయి. చక్రం నట్లు బిగించే పదిహేనో నంబరు పానా మాత్రం పక్కింటివాళ్ల దగ్గర ఉండిపోయింది. అడగడానికి మొహమాటపడి కటింగ్ ప్లేయరుతో తిప్పాను. అది నట్టు మీద జారుతుంటే ఇక బిగిసిపోయిందనుకున్నాను.

"గట్టిగా ఉందా అన్నయ్యా? తెనాలి బండికి టైమవుతోంది."

"రాయిలా ఉంది, పోరా."

స్టేషన్ రోడ్డులో సైకిలు గుంటలో దిగగానే చక్రం ఊడి, వాడు ముఖం మీద పడ్డాడు. ఆసుపత్రిలో కట్ల మధ్య నుంచి, "తప్పు నాదే అన్నయ్యా, గుంట చూసుకోలేదు," అన్నాడు.

ఆ తర్వాత కొత్త పానా కొన్నాను. కోలుకున్న దగ్గర నుంచి వాడు ప్రతి ఆదివారం సైకిలు తెచ్చి, "నువ్వు బిగిస్తేనే నాకు ధైర్యం," అంటాడు. ఇప్పటికి నూట ముప్పై తొమ్మిది ఆదివారాలు బిగించాను. వాడికి చెప్పాల్సిన మాట ఒక్కటి ఇంకా బాకీ ఉంది.