కొంగు నేయని పట్టుచీర కోసం ఆళ్లగడ్డ దాకా

నా ఉద్యోగమంతా ఉతికి ఆరేస్తే చాలు, ఇస్త్రీ అక్కర్లేని చీరలతోనే గడిచిపోయింది. బడిపంతులమ్మకి పొద్దున్నే పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకునే తీరికెక్కడిది? రిటైరయ్యాక మాత్రం ఒక్క చీరైనా మగ్గం మీద నా కోసమే నేయించుకోవాలనిపించింది. ఆ మధ్య ఒక పెళ్లిలో నంద్యాల నుంచి వచ్చిన ఒకావిడ కుట్టు అంచు పట్టుచీర కట్టుకుంది. పేరుకే కుట్టు, అంచును మగ్గం మీదే నడుముకు కలిపి నేస్తారు. నడుమంతా ఆకుపచ్చ, అంచు నిండు ఎరుపు. రెండు రంగులూ కలిసేచోట గీత గీసినట్టుంది. తన చీర నేసినాయన పేరు ఓబులేసు అని, ఆళ్లగడ్డలో ఉంటాడని చెప్పి ఫోన్ నంబరు ఇచ్చింది. ఉగాది ముందు ఆయనకు ఫోన్ చేసి వంకాయరంగు చీర, ఆవపువ్వు పసుపు అంచు కావాలన్నాను. ఎండాకాలం దాటేలోపు ఇస్తానన్నాడు. దసరా కూడా వెళ్లిపోయింది. చివరికి ఆయనే ఫోన్ చేసి, "చీర సంగతి ఫోన్లో చెప్పేది కాదు మ్మా. ఒకసారి వచ్చి చూసిపోండి" అన్నాడు.

గుంటూరులో రాత్రి రైలెక్కాను. నల్లమల అడవి చీకట్లోనే దాటిపోయింది. నంద్యాలలో దిగేసరికి ఇంకా తెల్లవారలేదు. అటు వెళ్లేవాళ్లు తొందరపడి బస్సెక్కకండి, బస్టాండు బయట బండ్ల మీద వేడి వేడి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి దొరుకుతాయి. యాభై రూపాయలకు కడుపు నిండుతుంది. నేను తిన్న బండి దగ్గర బజ్జీలు వేసే ఆవిడ, "యాడికి మ్మా ఇంత పొద్దున్నే?" అని అడిగింది. ఆళ్లగడ్డకు, పట్టుచీర కోసం అన్నాను. "పట్టుచీరలకు అందరూ ధర్మవరం పోతారు. మీరేంది ఆళ్లగడ్డ పోతాండారు?" అంది. నేనేదో గొప్ప సంగతి కనిపెట్టినదానిలా నవ్వి ఊరుకున్నాను.

ఆళ్లగడ్డకు బస్సులు తరచుగానే ఉన్నాయి, కడప వైపు వెళ్లేవి కూడా అటే పోతాయి. టికెట్ వందలోపే. ఎడమవైపు కిటికీ పక్కన కూర్చుంటే దారి పొడవునా దూరంగా కొండలు కనిపిస్తాయి. మామూలుగా గంట ప్రయాణం. శిరివెళ్ల దగ్గర సగం రోడ్డు మీద మొక్కజొన్నలు ఆరబోశారు, మిగిలిన సగంలో ట్రాక్టర్లు. అందుకని మాకు మరికాస్త ఆలస్యమైంది.

ఆళ్లగడ్డలో దిగి ఆటో ఎక్కాను. దారిలో రెండు పక్కలా విగ్రహాలు చెక్కే షెడ్లు, తెల్లటి రాతిదుమ్ము. నేతవాళ్ల వీధికి అనగానే డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. "ఆడ ఏముందక్కా ఇప్పుడు? మగ్గాలన్నీ ఎత్తేసినారు. ఓబులేసన్నది ఒకటుంది. అది గూడా మోగక శానా దినాలైంది." ఎందుకని అడిగితే, "ఆయప్ప పెండ్లాం పడిపోయింది గదా" అన్నాడు.

ఓబులేసు గడప దగ్గరే నిలబడి ఉన్నాడు. అరవై దాటిన సన్నటి మనిషి. భుజం మీది తువ్వాలును చేతులకు చుట్టుకుని నమస్కారం పెట్టాడు. లోపల మంచం మీద ఆయన భార్య నారాయణమ్మ కూర్చుని, కుడిచేతిలో గుడ్డ ఉండను పిసుకుతోంది. వేసవిలో ఆమెకు పక్షవాతం వచ్చిందట. కాలు కొంత తేరుకుంది, చెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. మాట కాస్త ముద్దగా ఉన్నా తెలుస్తోంది. "చీర చెప్పినమ్మ మీరేనా? రంగు బాగా చెప్పినారు" అంది.

మగ్గం ఆ గదిలోనే, గుంటలో ఉంది. నా చీర దాని మీదే ఉంది. నేసిందంతా దోనె అనే చెక్క దుంగకు చుట్టి ఉంది, పైన జానెడు కనిపిస్తోంది. నేనడిగిన వంకాయరంగు అది కాదు, అంతకన్నా మంచిది. కిటికీ వెలుగులో ఒకవైపు నుంచి నల్లగా, ఇంకోవైపు నుంచి ఎర్రగా మెరుస్తోంది. దాని పక్కన పసుపు అంచు. వేలితో రాస్తే రెండూ కలిసినచోటు తగలనైనా తగల్లేదు. బట్ట చూసి కళ్లనీళ్లు రావడం నాకదే మొదటిసారి.

"కొంగు ఒక్కటే మిగిలుండాది" అన్నాడు ఓబులేసు. పోగును అటూ ఇటూ మోసే నాడెలు మూడు: నడుమ నేసేదీ, ఎడమ అంచుదీ తనవి. కుడి అంచు నాడె పక్కన కూర్చున్న మనిషిది. ఇద్దరూ ఒకే ఊపులో విసిరి, అందుకుని, పోగుకు పోగు మెలివేస్తేనే అంచు నడుముకు అతుకుతుంది. పెళ్లయిన కొత్తలో కూర్చున్న నారాయణమ్మ వేసవి దాకా ఆ చోటు ఇంకొకరికి ఇవ్వలేదు. ఆమె పడిపోయాక పక్కింటామెను కూర్చోబెట్టి చూశాడు. ఆమెతో నేసిన నాలుగు వేళ్ల మేరా అంచు ముడతలు పడింది. దాన్ని విప్పేయడానికి వారం పట్టిందట.

కొంగు సాదాగా నేస్తే చాలదా అని అడిగాను.

"ఎట్ల నేసినా అంచు ఉండాల గదా మ్మా. ఆపక్క నాడె ఎవురు పట్టుకుంటారు?"

"నేను పడతా" అంది నారాయణమ్మ. గుడ్డ ఉండ మంచం మీద పెట్టింది. "ఇన్నాళ్లూ ఇది పిసుకుతాండేది ఎందుకనుకున్నావ్? ఈయమ్మ వచ్చింది. చూసిపోనీ. రా, కూచో."

ఇంకోనాడు చూద్దామన్నాడు ఓబులేసు. ఆమె వినలేదు. నేను ఒకపక్క పట్టుకుంటే కాళ్లు గుంటలోకి దించి కూర్చుంది. ఆయన తప్పక పక్కన కూర్చుని కాలికింది పలక తొక్కాడు. నిలువు పోగుల పడుగు రెండుగా విచ్చుకుంది. ఆమె పెదవి కొరుక్కుని నాడె విసిరింది. మెల్లగానైనా అవతలికి వెళ్లింది. ఎడమచేత్తో అందుకుంది. రెండోసారీ వెళ్లింది. మూడోసారి ఆమె ముఖంలో వెలుగు చూసి, ఈ చీర పూర్తవుతుందనే అనుకున్నాను.

అప్పుడు పోగు సర్దడానికి ఓబులేసు పడుగు మీద చెయ్యి పెట్టాడు. తీసేటప్పుడు పట్టు ఆయన వేళ్లకు పట్టుకుని లేచింది. విడిపించుకోబోతే టప్పున రెండు పోగులు తెగాయి. ఇంకో వేలికి మరికొన్ని చిక్కుకున్నాయి. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

నారాయణమ్మ ఆ చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. వేళ్ల కొసలన్నీ పగిలి, గరుకుగా, పగుళ్లలో తెల్లటి దుమ్ము.

"ఏందివి?"

ఆయన చెయ్యి తువ్వాల్లో దాచుకోబోయాడు.

"విగ్రహాల షెడ్డులో కావలి పని అంటివే."

"కావలి పనికి ఎవురూ పెట్టుకోల్యా. రాయి రుద్దుతాండా."

"ఎప్పటినుంచి?"

"నువ్వు పడినాక, ఆ ముడతల అంచు విప్పేసినకాడినుంచి."

నూనె పూసుకుంటే నాలుగు దినాల్లో మెత్తబడతాయిలే అన్నాడు ఓబులేసు. "మళ్ల రాయికాడికి పోకుండా ఉంటావా?" అని అడిగిందామె. ఆయన తలుపు పక్క గూట్లో ఉన్న ఆమె మందుల వైపు చూసి తల దించుకున్నాడు.

"కోసేయ్" అంది.

తొందరేమీ లేదని, ఏడాదైనా ఆగుతానని నేను అన్నాను. "మీరు ఆగుతారు మ్మా. పడుగు ఆగదు. వానకు చెమ్మ పట్టింది, ఎలకలు తిరుగుతాండాయి. ఇంక కొన్నాళ్లుంటే నేసింది గూడా పోతాది." ఆమె గొంతు మామూలుగానే ఉంది. భర్త కత్తెర తెచ్చి నిలబడిపోతే, "నువ్వు కోస్తావా, నన్ను కోయమంటావా?" అంది.

ఆయనే కోశాడు. బిగువుగా ఉన్న పోగులు తెగినకొద్దీ వెనక్కి వెళ్లి చిక్కుపడ్డాయి. నారాయణమ్మ చివరిదాకా చూసింది. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. ఓబులేసు చీరను పాత పంచెలో చుట్టి, వేళ్లు తగలకుండా అరచేతుల మీద పెట్టి నాకిచ్చాడు. మగ్గం ఏం చేస్తారని అడిగాను. "కట్టెలకు అడిగినారు" అన్నాడు.

తిరుగు బస్సులో ఏ వైపు కూర్చున్నానో, కొండలు కనిపించాయో లేదో గుర్తులేదు. ఇంటికొచ్చాక మా దర్జీ వేరే బట్టతో కొంగు అతికిస్తానన్నాడు. వద్దన్నాను. ఆ చీర బీరువాలో ఉంది, కట్టుకోను, ఎవరికీ ఇవ్వను. చేనేత చీర కొంటే నేతగాడు బతుకుతాడని బడిలో పిల్లలకు నేనే చెప్పేదాన్ని. ఈ ఇంట్లో చీర చెప్పడమైతే చెప్పాను గానీ, ఆమెకు జబ్బు చేస్తే ఆయన రాయి పట్టుకోకుండా ఆపడానికి నా చీర ఒక్కటీ ఏ మూలకూ చాలలేదు. వారం తర్వాత ఫోన్ చేస్తే ఓబులేసు, "గుడ్డ ఉండ పిసికేది మానేసింది మ్మా" అని మాత్రం చెప్పాడు.

అటు వెళ్లాలనుకునేవారికి ఒక మాట. కుట్టు అంచు చీర చెప్పేటప్పుడు మగ్గం మీద పక్కన కూర్చునేది ఎవరో కూడా అడగండి, వారి పేరు, ఆరోగ్యం కనుక్కోండి. చీర పూర్తయ్యాక తెచ్చుకుందామని ఇంట్లో కూర్చోకుండా, సగం నేసినప్పుడే ఒకసారి వెళ్లి ఇద్దరినీ చూసి రండి.