బొటనవేలి కింది పచ్చ

ఏడేళ్లుగా ఒక చిన్న సంగతి మోస్తున్నాను. చిన్నదని నాకు నేనే చెప్పుకుంటున్నాను. చిన్నదే అయితే, కార్తీకం వస్తోందంటే పెరట్లోకి వెళ్లడానికి ఎందుకు జంకుతాను?

మాది అక్కుపల్లి దగ్గర ఊరు. వ్యవసాయ డిప్లొమా చదివి వచ్చి పెరట్లో అంటు ఉసిరి మొక్క ఒకటి నాటాను. గొయ్యి లోతు, వేసిన ఎరువు, నీళ్లు పెట్టిన రోజులు, అన్నీ నోటుబుక్కులో రాసేవాణ్ణి. గోడకు అవతల సూరమ్మ పెద్దమ్మ పెరడు. చుట్టం కాదు, ఊరి వరసకు పెద్దమ్మ. ఆమె నాటు ఉసిరి చెట్టు నీడ పొద్దున పదకొండు దాకా నా మొక్క మీద పడేది. అదీ రాసుకున్నాను.

తుపాను వచ్చింది. ఊళ్లో కొబ్బరి, జీడి నేలకొరిగాయి. పెద్దమ్మ ఉసిరి మాత్రం ఆకంతా రాల్చి ఒక పక్కకు వాలింది. ఆమె నన్ను పిలిచింది. చెట్టు బతికుందో లేదో తెలియాలంటే బెరడు గోటితో గీకి చూడాలి. గీకాను. లోపల పచ్చగా, తడిగా ఉంది.

దాని మీద బొటనవేలు పెట్టి మూశాను.

“ఏటిరా బాబూ, బతుకుతాదా? తాడు కట్టి నిలబెట్టీమంటావా?”

“లాభం లేదు పెద్దమ్మా. ఎండిపోనాది. కొట్టించీ.”

“మీ పెదనాన్న నాటినాడురా...” చెట్టు మొదలు నిమిరింది. “సరే. సదువుకున్నోడివి, నువ్వు సెప్తే అంతే.”

మర్నాడే కొట్టించేసింది. వాలిన చెట్టు గోడ మీద పడొచ్చు, మనిషి మీద పడొచ్చు అని తరవాత నాకు నేను చాలా చెప్పుకున్నాను. అబద్ధాలు కావు. కానీ ఆ కారణాలన్నీ బొటనవేలు పెట్టాక వచ్చినవే.

క్షీరాబ్ది ద్వాదశికి తులసి పక్కన ఉసిరి కొమ్మ నిలపాలి. ఒకప్పుడు వీధి వీధంతా పెద్దమ్మ చెట్టు దగ్గరికే వచ్చేది. ఇప్పుడు ఆమె కొమ్మ కోసం మా గుమ్మంలోకి వస్తుంది. కోసి ఇచ్చేది నేనే.

నా చెట్టు ఏటా పూస్తుంది. పూత రాలిపోతుంది. ఉసిరి కాయాలంటే దగ్గర్లో మరో రకం చెట్టు ఉండాలి, దాని పుప్పొడి అందాలి. ఆ పాఠం చదివాను, పరీక్షలో రాశాను కూడా. మరి ఆ రోజు నీడ ఒక్కటే ఎందుకు కనిపించింది?

కిందటేడు కొమ్మ అందుకుంటూ పెద్దమ్మ నవ్వింది. “పువ్వే గానీ కాయ లేదేటిరా దీనికి? నీలాగే దీనికీ పెళ్లి కాలేదేటి?” నేనూ నవ్వాను.

రేపు ద్వాదశి. పలాస నుంచి నాటు ఉసిరి మొక్క తెచ్చి మూడు నెలలైంది, సంచిలోనే ఉంది. ఆమెకని తెచ్చాను. కానీ అసలు సంగతి చెప్పకుండా ఇస్తే, అది మళ్లీ బొటనవేలు పెట్టి మూయడమే కదా? చెప్పి ఇస్తే పుచ్చుకుంటుందా? ఆమెకు డెబ్బై దాటాయి. ఆ మొక్క కాయడానికి ఎన్నేళ్లు పడుతుందో నాకు తెలుసు. ఆ లెక్క వెయ్యడానికి చెయ్యి రావడం లేదు.

రేపు గుమ్మంలో నోరు పెగులుతుందో లేదో తెలియదు. ఈ కాగితం మీద మాత్రం వేలు తీశాను.

పచ్చగానే ఉంది పెద్దమ్మా. నేను చూశాను.