పక్కన పెట్టిన చీర

సారయ్య ముప్పై రెండేళ్లు చీరలు కట్టాడు. మగవాడు చీర కట్టడమేమిటని నవ్వకండి, అమీర్‌పేటలో చీరల కొట్టు కొలువంటే అదే. పరుపు మీద నిలబడి, కుచ్చిళ్లు పోసి, పైట భుజాన వేసుకుని అద్దం వైపు తిరిగితే, ఎదురుగా కూర్చున్నావిడకు తనే ఆ చీరలో కనబడాలి. అందులో సారయ్యది అందెవేసిన చెయ్యి.

ఇంట్లో రుద్రమ్మకు మాత్రం ఏటా దసరాకు ఆయన తెచ్చిందే చీర. కొట్టులో అమ్ముడుపోక మిగిలినవాటిలో ఒకటి సంచిలో వేసుకొచ్చేవాడు. ఆమె మారుమాట లేకుండా కట్టుకునేది. పోయిన నెల ఆయన పని మానేశాక ఒక్కటే అడిగింది.

"గీసారి నా చీర నేనే ఏరుకుంట."

మధ్యాహ్నం ఇద్దరూ మధురానగర్ నుంచి అమీర్‌పేటకు నడిచి వచ్చారు. ఒకప్పుడు బండ్ల మధ్య ఒదిగి నడవాల్సిన వీధిలో ఇప్పుడు రాళ్లు పరిచి, మొక్కలు పెట్టి, బెంచీలు వేశారు. సారయ్య పాత కొట్టు ఉన్నచోట కాఫీ అమ్ముతున్నారు. ఆయన అటు చూడకుండా నడిచాడు.

ఎదురు వరసలోని కొత్త చీరల షాపులో నాలుగో చీర దగ్గర రుద్రమ్మ చెయ్యి ఆగింది. వంకాయ రంగు, పసుపు అంచు.

"గిది జర పక్కకు పెట్టు" అని భర్త చేతికిచ్చి, ఇంకొకటి వెలుతురులో చూడడానికి తలుపు దాకా వెళ్లింది.

సారయ్య చేతులు ఊరికే ఉంటాయా! దాన్ని పక్కన పెట్టి, ఎదుట పడి ఉన్న చీరలన్నీ మడతపెట్టసాగాడు. పక్కన కూర్చున్న ఒకావిడ అది చూసి, "ముదురు రంగులో ఏమన్నా చూపిస్తారాండీ?" అంది.

అంతే. చేతికందిన చీర విప్పాడు, కుచ్చిళ్లు పోశాడు, పైట వేసుకుని తిరిగాడు. కోస్తా వాళ్లతో వాళ్ల మాటే మాట్లాడడం ఆయనకు అలవాటు. "మీ ఒంటికి చక్కగా నప్పుతుందండీ" అన్నాడు. ఆవిడ మురిసిపోయి, చీర పట్టుకుని కౌంటరుకు వెళ్లిపోయింది.

గర్వంగా తలెత్తితే తలుపు దగ్గర రుద్రమ్మ. అంతా చూసింది. అమ్ముడుపోయింది వంకాయ రంగు చీర.

ఇంకొకటుందా అని షాపు అమ్మాయిని అడిగాడు. ఒక్కటే పీసు అంది. రుద్రమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"పా, ఆకలైతున్నది" అని బయటికి నడిచింది.

పక్కనే ఉన్న హోటల్లో సర్వరు వచ్చి "ఏం కావాలమ్మా?" అన్నాడు. రెండు ప్లేట్లు ఇడ్లీ అని చెప్పబోయి సారయ్య నోరు మూసుకున్నాడు.

"మసాలా దోసె" అంది రుద్రమ్మ. "ఉల్లిగడ్డ ఎక్కువెయ్యమను."

ఆమెకు మసాలా దోసె ఇష్టమని ఆయనకు ఇప్పుడే తెలిసింది. ముప్పై రెండేళ్లలో ఎన్ని వేలమందిని అడిగి ఉంటాడు, ఏ రంగు చూపించమంటారమ్మా అని! ఇంట్లో ఒక్కనాడూ అడగలేదు.

"తప్పయింది" అన్నాడు.

"గా అంచు మస్తుండె" అంది రుద్రమ్మ.

తిన్నాక సారయ్యే ఆమెను మళ్లీ షాపుకు తీసుకెళ్లాడు. షాపు అమ్మాయిని ఒప్పించి, చెప్పులు విడిచి పరుపెక్కాడు. రుద్రమ్మ ఎదురుగా మఠం వేసుకుని కూర్చుంది.

"ఏ రంగు చూపియ్యాలె?" అని అడిగాడు.

ఆమె తొందరపడలేదు. చాలాసేపు ఆలోచించింది.

"చిలకపచ్చ."

కట్టాడు. పైట వేసుకున్నాడు. చీరలు కొనడానికొచ్చినవాళ్లు ఆగి చూస్తున్నా పట్టించుకోలేదు. రుద్రమ్మ కింద నుంచి పైదాకా చూసింది. తిరగమంది. తిరిగాడు.

"ఊహూఁ. ఇంకోటి."

ఈ మాట అన్నవాళ్లందరినీ సారయ్య ఇన్నేళ్లూ లోలోపల తిట్టుకున్నవాడే. ఇప్పుడు కళ్లు తుడుచుకుని, నవ్వుతూ ఇంకొక చీర మడత విప్పాడు.