పోయొస్తా అంటే ఆగని మెసేజి

మదనపల్లె మార్కెట్లో టమాటా వేలం నడుస్తున్నంతసేపూ, ధర మారినప్పుడల్లా రైతుల ఫోన్లకు మెసేజి పంపడం నా పని. పుంగనూరు, కుప్పం దాకా నా మాట పోతుంది. టమాటాలోనే మాట ఉందని మురిసిపోయేవాణ్ని. మెసేజి అడుగున 'వద్దనుకుంటే ఇంగ్లీషులో స్టాప్ అని పంపండి' అని ఉండేది. సోమల నుంచి ఒక పెద్దాయన తన ఊరి బస్సు స్టాపు పేరు పంపాడు. నవ్వుకున్నానే గానీ మార్చలేదు.

ఒక పొద్దున కుప్పం నుంచి ఒకామె ఫోన్ చేసింది.

"ధరల మెసేజీలు పంపేది నువ్వేనా అప్పా? దండం పెడతా, ఆపు. మా ఇంటాయన్ని బెంగుళూర్లో ఆపరేషన్‌కి లోపలికి తీసకపోయినారు. అయిపోతానే మెసేజి పెడతానని మా పిల్లోడు సెప్పినాడు. ఫోను టింగుమంటే సాలు, గుండె జారిపోతాండాది. సూస్తే నీ టమాటా!"

"స్టాప్ అని పెట్టలేదా అమ్మా?"

"నాకు ఇంగ్లీషు యాడొస్తాది? 'పోయొస్తానప్పా' అని తెలుగులో పెట్టినా గదా!"

పెట్టింది. కంప్యూటర్లో కనిపిస్తూనే ఉంది. మా వైపు గడప దాటేవాళ్లు 'పోతా' అనరు. భర్త ఆపరేషన్ గదిలో ఉన్న మనిషి ఆ మాట అసలే రాయదు. మిషనుకు ఇదంతా ఏం తెలుసు? మళ్లీ వస్తుందనుకుందేమో, 'ధన్యవాదాలు' అని ఇంకో టింగు పంపింది.

అవతల వేలంపాట జోరందుకుంది. ఏ క్షణమైనా ధర మారవచ్చు. తెర మీద 'చేర్చు' బటన్ అరటాకంత ఉంది. 'తీసివేయి' ఎక్కడా లేదు. ఆమెను లైన్లో ఉండమని, రెండో ఫోనులో పుంగనూరు మిత్రుడికి చేశాను. ఈ ఏర్పాటు అతనిదే.

"ఒక నంబరు తీసేది యాడుండాదప్పా?"

"తీసేది లేదన్నా. వాళ్లే స్టాప్ పెట్టాల. యాలన్నా, ఎవరన్నా పోతాండారా?"

"పోలేకుండా ఉండారు, అదే కష్టం! మొత్తం ఆపేసేది సెప్పు."

"వేలం నడస్తాంటేనా? రైతులు తంతారన్నా!"

"తన్ననీ."

అతను చెప్పిన చోట నొక్కి ఆపేశాను. "ఇంక టింగుమంటే మీ పిల్లోడేనమ్మా," అని ఆమెకు మాటిచ్చాను.

ఇచ్చాక భయం పట్టుకుంది. ముందే బయల్దేరిన ధర ఏదైనా ఆలస్యంగా చేరితే? నా ఫోను మోగింది. ఆమె కాదు, రైతు. "ఏమప్పా, మెసేజి రాలే? నిద్రపోతాండావా?" నోటితోనే ధర చెప్పాను. మళ్లీ మోగింది. మళ్లీ రైతే. మోగిన ప్రతిసారీ ఇప్పుడు జారేది నా గుండె. ఈలోగా మిత్రుడి చేత మెసేజి అడుగున ఉండే మాట మార్పించాను: 'చాలు, వద్దు, పోయొస్తా, ఏ మాట పంపినా ఆపేస్తాం.' టమాటాలోంచి 'మా' తీసేస్తే దాదాపు టాటాయే గదా.

వేలం ముగిశాక నా ఫోను టింగుమంది. ఆమె నంబరు.

'కండ్లు తెరిసినాడంట అప్పా. పోయొస్తా.'

సంతోషమమ్మా అని రాయబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆమె ఫోను ఇంకోసారి టింగుమనడం ఎందుకు?