ఆరు వారాల చీలమండ

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లేదు. ఇరవై ఒక్క ఏండ్లు, తిరుపతిలో ఫిజియోథెరపీ ఆఖరి సంవత్సరం, ఒంటి మీద తెల్ల కోటు, కోటు జేబులో నాలుగు రంగుల పెన్నులు. మనిషి ఒంట్లోని ఎముకల పేర్లన్నీ అరికాలి నుంచి నడినెత్తి దాకా ఒక్క ఊపిరిలో అప్పజెప్పేదాన్ని. ఆ ఎముకలతో పాటు ఒక మనిషి కూడా వస్తాదని మాత్రం నాకు తట్టలేదు. ఎవురైనా చెప్పి ఉన్నా రాసుకొని ఉండను, పరీక్షలో రాదు గదా అని. ఇప్పుడు అప్పటి నన్ను తల్చుకుంటే నాకు నవ్వొస్తాది. రవంత సేపటికి ఆ నవ్వు ఆగిపోతాది. ఎందుకు ఆగిపోతాదో చెప్తాను.

మా ఇంట్లో మొగోళ్ళంతా గుడి కొలువులోనో, గుడి ఆఫీసులోనో ఉన్నోళ్ళే. మా నాయన ఆఫీసులో ఫైళ్ళు చూసేవాడు. నాకు డాక్టరు సీటు వస్తాదని మా అమ్మ వీధి వీధంతా ముందే చెప్పేసి ఉండింది. సీటుకు చాలని ర్యాంకు వచ్చినాక ఆ వీధికే మళ్ళా ఏం చెప్పాలో తెలీక, ఇది కూడా డాక్టరేనంట, మందుల్లేని డాక్టరంట అని సర్దుకొచ్చింది. మా అవ్వ మాత్రం దేన్నీ అంత త్వరగా ఒప్పుకునే మనిషి కాదు. నన్ను పిలిపించి, ఏం చదువమ్మా అది అని అడిగింది. ఆటలాడేవాళ్ళకు కాలో చెయ్యో దెబ్బ తగిలితే మళ్ళా ఆడేటట్టు చేసే చదువు అని నేను చెప్తే చాలా సేపు ఆలోచించి, "మన ఇంట్లో పెరుమాళ్ళ పాదాలు పట్టుకున్నోళ్ళు ఉండారు గానీ, ఆటగాళ్ళ పాదాలు పట్టినోళ్ళు లేరు. సరే, నీతోనే మొదలు" అనింది. (ఆ మరుసటి దినం నుంచే అవ్వ మోకాళ్ళకు నూనె రాసే పని నాకు పడింది. అదీ నా చదువులో భాగమే అనుకునింది.)

ఆటల గాయాల సబ్జెక్టు చెప్పే సారుకు మేము పెట్టుకున్న పేరు డిగ్రీల సారు. కీలు ఎంత వంగుతాదో కొలిచే స్కేలు ఒకటి, రెండు చేతులున్నది, ఎప్పుడూ ఆయన దగ్గర ఉండేది. ఎదురుపడి నమస్కారం పెడితే, నీ మోచెయ్యి ఇప్పుడు ఎన్ని డిగ్రీలు వంగి ఉండాది అని అడిగే రకం. ఆ సారు ఒక దినం క్లాసులోకి వచ్చి, మాలో ప్రతి ఒక్కరూ దెబ్బ తగిలిన ఆటగాణ్ణి ఒకణ్ణి పట్టుకోవాల, దెబ్బ తగిలిన దినం నుంచి మళ్ళా మైదానంలో దిగే దినం దాకా చూసుకోవాల, అదంతా కేసు రికార్డుగా రాసి ఇవ్వాల అని చెప్పినాడు. కేసుల కోసం మా క్లాసు పిలకాయలు పడిన పాట్లు అంతా ఇంతా కాదు. నా పక్కన కూర్చునే పిల్ల వాళ్ళ మామ మోచేతిని షటిల్ దెబ్బగా రాసింది. ఆయన షటిల్ మానేసి ఎన్నేండ్లో అయ్యింది, నొప్పి వచ్చింది కంప్యూటరు ముందర కూర్చొని. ఇంకొకడు, ఎద్దు తోసేస్తే భుజం జారిన చిన్నాయనను కబడ్డీ ఆటగాణ్ణి చేసేసినాడు.

నాకు మాత్రం అసలైన ఆటగత్తె దొరికింది. ఇంటర్ రెండో సంవత్సరం చదివే ఖోఖో పిల్ల. ఊరు బంగారుపాళ్యం, తిరుపతిలో హాస్టల్లో ఉండేది. స్తంభం పట్టుకొని ఆ పిల్ల తిరిగే తీరు చూసి జట్టోళ్ళంతా ఉడత అని పిలిచేవాళ్ళు. ప్రాక్టీసులో దూకినప్పుడు తోటి పిల్ల పాదం మీద అడుగు పడి, ఎడమ చీలమండ మెలిక పడింది. ఇద్దరు పిల్లలు చెరొక రెక్క పట్టుకొని మా కాలేజీ ఓపీకి తీసుకొచ్చేసరికి పాదం బన్ను మాదిరి ఉబ్బి ఉండింది. ఎక్స్‌రే తీస్తే ఎముక విరగలేదు, ఎముకలను కట్టి ఉంచే పట్టీ సాగింది, అంతే. ఆ పిల్ల ఏడుస్తా ఉండింది. రాసేదానికి సిగ్గేస్తాది గానీ, నా లోపల పండగ మాదిరి ఉండింది. ఆ దినం నాకు కనపడింది ఆ పిల్ల కన్నీళ్ళు కాదు, నా కేసు రికార్డు.

ఫోనులో సంగతి విని మరుసటి పొద్దునే వాళ్ళ నాయన బస్సు దిగినాడు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు దించే చోట మేస్త్రీ. బిడ్డను పుత్తూరు తీసుకుపోయి నాటు కట్టు కట్టించాలని మనసులో పెట్టుకొనే వచ్చి ఉండినాడు. నేను ఆయన్ని కూర్చోబెట్టి, ఓపీలో ఉండే ప్లాస్టిక్ ఎముకల పాదాన్ని చేతికిచ్చి, అరగంట క్లాసు పీకినాను. ఆయనకు ఏం అర్థమయ్యిందో తెలీదు. ఆ పాదాన్ని రెండు చేతులతో మెల్లిగా టేబుల్ మీద పెట్టి, "నాకు ఇవన్నీ తెలీవు మేడమ్మా. దీనికి ఆటంటే పానం. నువ్వు ఆడమంటే ఆడతాది, వద్దంటే ఆడదు. ఇంగ నీ మాటే" అన్నాడు. నన్ను మేడమ్మా అని పిలిచిన మొదటి మనిషి ఆయనే. ఆ సాయంత్రం నేను ఇంటికి నడిచి పోలేదు, తేలుకుంటా పోయినాను.

ఒక సీనియరక్క దగ్గర పాత రికార్డు అడిగి తెచ్చుకున్నాను. అందులో చీలమండకు ఆరు వారాలు. మొదటి వారం ఐసు, రెండో వారం మెల్లిగా నడక, అట్ల వరసగా పోయి ఆరో వారానికి మైదానం. చూసేదానికి చాలా బాగుండింది. నేనూ ఆరు వారాలకు ఆరు అధ్యాయాలు పెట్టి, అట్టలు వేసి, బొమ్మలు గీసి, చివర ఒక గ్రాఫు వేసినాను. నొప్పికి ఎర్ర గీత, అది దిగుతా పోతాది. బలానికి పచ్చ గీత, అది ఎక్కుతా పోతాది. (దెబ్బ తగిలి అప్పటికి నాలుగు దినాలే అయ్యింది. గీతలు మాత్రం ఆరు వారాలవీ గీసేసినాను. పెన్సిలుతో గీసి ఉన్నా ఈ కథ లేకపోవును. పెన్నుతో గీసినాను.)

ఆ కాలు నా గీతను లెక్కచేయలేదు. పదిహేడేండ్ల కాలు అది, దానికి నా అధ్యాయాలు ఏం తెలుసు. రెండో వారానికే వాపు దిగిపోయింది. మూడో వారంలో ఉడతను ఒంటికాలి మీద నిలబెట్టి నేను గడియారం చూస్తా ఉంటే, అది కొంగ మాదిరి నిలబడి హాస్టల్ సాంబారు కథలన్నీ చెప్పేది, ఆ కథలకు నవ్వి నేను లెక్క తప్పిపోయేదాన్ని. ఇంత త్వరగా వద్దు పాపా, మెల్లిగా అని నేనే వెనక్కి లాగేదాన్ని. ఆ పిల్ల దాన్ని జాగ్రత్త అనుకునింది. నేనూ అట్లనే అనుకున్నాను, కొన్ని దినాలు.

నాలుగో వారం చివర్లో ఓపీ వరండాలో దానికి గెంతు పరీక్ష పెట్టినాను. బాగున్న కాలితో ఎంత దూరం గెంతుతారో, దెబ్బ తగిలిన కాలితోనూ దగ్గర దగ్గర అంత గెంతితే ఆటకు దిగొచ్చు. నా రికార్డులో అది ఆరో వారం పేజీ. ఊరికే చూస్తామని పెట్టినాను. ఉడత ఎడమ కాలితో, కుడి కాలి కంటే బెత్తెడు జాస్తి గెంతింది. నొప్పి లేదు, వణుకు లేదు. నేను టేపు చుట్టి జేబులో వేసుకున్నాను. యాడా రాయలేదు. ఎట్లుండాదక్కా అని అడిగితే, పర్వాలేదు, ఇంకా చూడాల అన్నాను.

ఐదో వారంలో చిత్తూరులో జిల్లా సెలక్షన్లు పడినాయి, పద్దెనిమిదేండ్ల లోపు పిల్లలకు. వచ్చే ఏడుకు ఉడతకు ఆ వయసు దాటిపోతాది. ఈ సంగతి నాకు బాగా తెలుసు, రికార్డు మొదటి పేజీలో దాని పుట్టిన తేదీ నా చేత్తో నేనే రాసినాను. సెలక్షన్లు రెండు దినాలు ఉన్నాయనగా అది ఓపీకి వచ్చి, మంచం మీద కూర్చోకుండా నిలబడే అడిగింది.

"అక్కా, ఎల్లుండి చిత్తూరుకు పోవచ్చునా?"

పోతే ఐదో అధ్యాయం తప్పు, ఆరో అధ్యాయం తప్పు, గ్రాఫు తప్పు. రికార్డు ఇచ్చేదానికి పది దినాలే ఉండాయి, అంతా మళ్ళా రాయాల. మళ్ళా దెబ్బ తగిలితే ఎట్ల అనే భయం కూడా ఉండిందని ఇన్నేండ్లుగా నాకు నేను చెప్పుకుంటా వచ్చినాను. ఉండింది, అబద్ధం కాదు. అయితే ఆ భయం రికార్డు వెనకాల వచ్చింది, ముందర కాదు. డిగ్రీల సారు గది పది అడుగుల దూరంలో ఉండింది. తలుపు తట్టి, సార్, ఈ కాలు రవంత చూడండి అంటే చాలు. చూస్తే ఆయన కొలుస్తాడు. కొలిస్తే తెలిసిపోతాది. అందుకే నేను తట్టలేదు.

"వద్దు పాపా. పైకి బాగుండేటట్టు ఉంటాది గానీ లోపల ఇంకా బలం రాలేదు. ఇప్పుడు దూకితే జీవితాంతం బాధపడతావు" అన్నాను.

అది ఎదురు చెప్తాదేమో, ఏడుస్తాదేమో అని చూసినాను. కాలి వైపు ఒకసారి చూసుకొని, "సరేక్కా" అనింది. సెలక్షన్ల దినం కూడా రోజూ మాదిరే నా దగ్గరికి వచ్చి, పాదానికి రబ్బరు పట్టీ తగిలించుకొని, నేను లెక్కపెడతా ఉంటే లాగింది, వదిలింది. ఆ పొద్దు దానికి సాంబారు కథలు లేవు. నేనూ ఏమీ అడగలేదు. ఐదో వారం పేజీకని ఫోటో మాత్రం తీసుకున్నాను. ఆ ఫోటోలో అది నవ్వింది, నేను నవ్వమన్నాను కాబట్టి.

క్లాసులో మొదటి మార్కు నాదే. డిగ్రీల సారు నా రికార్డును పేజీ పేజీ తిప్పి, గ్రాఫు దగ్గర ఆగి, ఇంత నున్నగా బాగయ్యే కాలు నా సర్వీసులో చూడలేదమ్మా అన్నాడు. నేను మెచ్చుకుంటా ఉన్నాడనుకొని థాంక్యూ సార్ అన్నాను. ఆయన రికార్డు మూసి, "ఆ అమ్మాయి ఆడిందా?" అని అడిగినాడు. ఆడతాది సార్ అన్నాను. ఆయన నా మొహం వైపు కాసేపు చూసి, మార్కులు వేసి పంపించినాడు. మా అమ్మ వీధంతా పాయసం పంచింది. ఆరో వారం ముగిసినాక ఉడతను పిలిచి, ఇంగ నువ్వు ఆడుకోవచ్చు అని మహారాణి వరమిచ్చినట్టు చెప్పినాను. అప్పటికి చిత్తూరులో జట్టు కట్టేసినారు. ఆ తర్వాత దానికి పరీక్షలు, నాకు ఉద్యోగం. నాలుగు మార్లు ఫోను చేయాలని ఫోను చేతిలోకి తీసుకొని, నాలుగు మార్లూ కింద పెట్టేసినాను.

ఇది జరిగి పదేండ్లు దాటింది. నేను ఇప్పుడు తిరుపతిలోనే ఒక చిన్న క్లినిక్కులో పని చేస్తా ఉండాను. పోయిన ఏడు ఒక పొద్దున, మోకాళ్ళ నొప్పులని ఒక పెద్దామెను ఆమె కోడలు తీసుకొచ్చింది. కోడలు నా వైపు చూసి, మళ్ళా చూసి, "అక్కా, నేను ఉడతను" అనింది. రవంత ఒళ్ళు చేసింది, కండ్లద్దాలు వచ్చినాయి. పెండ్లయి ఏర్పేడుకు వచ్చిందంట, ఆ ఊర్లోనే ఒక బడి ఆఫీసులో పని చేస్తా ఉండాదంట. అత్త వైపు తిరిగి, ఈ యక్క లేకుంటే నా కాలు ఏమై ఉండునో అని చెప్పింది. ఆ పెద్దామె నాకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. ఆటలేమైనా ఆడతా ఉండావా అని అడిగినాను, ఎందుకు అడిగినానో తెలీదు.

"ఆ కాలితో యాడ ఆడేదక్కా. లోపల బలం లేదని నువ్వే చెప్పినావు గదా. మెట్లు దిగేటప్పుడు కూడా ఎడమ కాలు సూసుకొనే పెడతాను" అనింది.

పెద్దామె మోకాళ్ళకు వేడి కాపడం పెట్టి, ఉడతను వరండాలోకి తీసుకుపోయి చెప్పినాను. ఎట్ల చెప్పాలో తెలీక సీనియరక్క రికార్డు నుంచి మొదలుపెట్టి, అట్టలు, బొమ్మలు, గ్రాఫు అన్నీ దాటుకొని అసలు సంగతికి వచ్చేసరికి పది నిమిషాలు పట్టింది. (నిజం చెప్పేదానికి కూడా నాకు అధ్యాయాలు కావాల.) అది అంతా ఇనింది. అయిపోయినాక, "అయితే నా కాలికి ఏమీ లేదా?" అని అడిగింది.

"లేదు. ఆ దినమూ లేదు."

చీర అంచు రవంత పైకెత్తి ఎడమ పాదాన్ని చూసుకునింది, ఇంకొకరి పాదం చూసినట్టు. "చిత్తూరుకు పోయుంటే తీసుకొని ఉందురా అక్కా నన్ను?" అనింది. తెలీదు పాపా అన్నాను. "నాకూ తెలీదు. అదే గదక్కా" అనింది. లోపల నుంచి అత్త పిలిస్తే పోయింది. క్షమించమని అడగాలని నా నోటి దాకా వచ్చింది. అడిగితే సరేక్కా అంటాది. ఆ మాట దాని చేత రెండోసారి అనిపించుకునేదానికి నాకు మొహం చెల్లలేదు. పోయేటప్పుడు క్లినిక్కు మెట్ల మీద నుంచి చూస్తా నిలబడినాను. అది ఎడమ కాలు సూసుకొనే పెట్టింది, ఒక్కొక్క మెట్టూ. పదేండ్ల అలవాటు పది నిమిషాల మాటతో యాడ పోతాది.

ఇంగ రాదనుకున్నాను. మరుసటి వారం వచ్చింది, అత్తను తీసుకొని. పెద్దామెకు కొండకు నడిచి ఎక్కే మొక్కు ఒకటి ఉండాదంట, అదెప్పుడు తీర్చుకోవచ్చో చెప్పు తల్లీ అని నన్ను గట్టిగా అడగతా ఉండింది. నేను నోరు తెరిచినాను. నా కంటే ముందు ఉడత, తువ్వాలు మడత పెడతా, మా ఇద్దరి వైపూ చూడకుండా, "అక్క చెప్పేది ఇను అత్తా. నీ కాలు చెప్పేది కూడా ఇను" అనింది. గొంతులో కోపం లేదు. వంటలో ఉప్పు ఎంత వేయాలో చెప్పినట్టు చెప్పింది.

నేను తల దించుకున్నాను. నవ్వొచ్చింది, దాంతో పాటు కండ్లు కూడా తడిసినాయి. ముప్పై దాటినాక, పేరు రాసిన బోర్డు కింద కూర్చొని, నా చదువులో మొదటి పాఠం ఇప్పుడు చెప్పించుకుంటా ఉండాను. పెద్దామె మోకాలి మీద చెయ్యి పెట్టి, "యాడ నొప్పిగా ఉండాదో, ఎప్పటి నుంచో నువ్వే చెప్పు పెద్దమ్మా" అన్నాను. ఆమె తన పెండ్లినాటి నుంచి మొదలుపెట్టింది. నేను కుర్చీ దగ్గరికి లాక్కొని కూర్చున్నాను.